అమ్మ బువ్వలాట సామాను

ప్రొద్దుటూరు పేరు చెప్పగానే ఎవరికైనా బంగారమే గుర్తొస్తుంది. తర్వాత బట్టల అంగళ్ళు, ఆ తర్వాత అమ్మవారిశాల దసరా. నేను పెళ్ళయి ఈ ఊరికి వచ్చింది 2001లో. ఇన్నేళ్ళలో మా ఇంటికి చుట్టాలెవరు వచ్చినా "వదినా, బంగారం అంగళ్ళకు పోదాం రా" అన్నవాళ్ళే గానీ ఇంకో మాట అన్నవాళ్ళు తక్కువ. కాబట్టి బంగారం సంగతి నేను కొత్తగా చెప్పక్కరలేదు. నేను చెప్పబోయేది ఇత్తడి సంగతి. అదీ అసలు ఇత్తడి కాదు. ప్లాస్టిక్కునూ మట్టినీ పాత ఇత్తడిలాగా కనపడేట్టు చేసే పని సంగతి.

నవ్వకండి! ఆ పని నేర్చుకోవడానికి నేను ప్రొద్దుటూరులో మొదలుపెట్టి జమ్మలమడుగు, గండికోట చూసుకుని పులివెందుల దాకా పోయాను. దారిలో తెలుసుకున్నదంతా మీకు చెబుతాను. బొమ్మల కొలువు పెట్టుకునే అక్కచెల్లెళ్ళకు పనికొస్తుంది.

మా పుట్టిల్లు పులివెందుల. కోస్తా జిల్లాల్లో బొమ్మల కొలువు ఎక్కువగా సంక్రాంతికి పెడతారు గానీ మా వైపు దసరాకే. మా అమ్మ కొలువులో అన్నిటికంటే కింది మెట్టు మీద బువ్వలాట సామాను ఉండేది. అంతా ఇత్తడి. బొటనవేలంత బిందె, ఆ బిందె మూతి మీద కూర్చునే చెంబు, గుండిగ, రెండు తపేలాలు, గరిటెలు, జల్లిగంటె, రోలు, రోకలి, తిరగలి, పొయ్యి... మొత్తం పదిహేడు. మా అమ్మకు వాళ్ళమ్మ ఇచ్చినవి. పెద్ద వంటింటిని ఎవరో పిండి పిసికినట్టు చిన్నది చేసి పెట్టినట్టుండేవి. నా పెళ్ళప్పుడు అమ్మ వాటిని గుడ్డసంచిలో కట్టి నా పెట్టెలో పెట్టింది.

నేనేం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. 2002లో మా వైపు వానలు లేవు. 2003లో కూడా ఇంట్లో చేతులు కట్టేసినట్టే ఉండేది. ఆ రోజుల్లో ఒకతను వీధిలో "పాత ఇత్తడికి, రాగికి స్టీలు సామాన్లు" అని కేక వేసుకుంటూ వచ్చాడు. చిల్లుపడిన బిందె ఒకటి తీసుకుపోయి ఇచ్చాను. తక్కెడ ఇంకాస్త మొగ్గాలి, అప్పుడే పెద్ద బేసిన్ ఇస్తానన్నాడు. లోపలికి వచ్చి చూస్తే గుడ్డసంచి కనపడింది. రెండేళ్ళుగా తోమలేదు. అన్నీ నల్లబడి, సందుల్లో పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. చింతపండు పెట్టి ఇన్ని చిన్న సామాన్లు ఎవరు తోముతారులే అనుకున్నాను. సంచితో సహా తక్కెడలో పెట్టాను!

ఆ స్టీలు బేసిన్ను నేను ఉంచుకోలేదు. మా అమ్మకు పెద్ద బేసిన్ లేదని పులివెందుల పోయినప్పుడు ఇచ్చి వచ్చాను. ఆ తర్వాతి దసరాకు "సామాను తెచ్చినావా పాపా?" అని అమ్మ అడిగితే, "ఎక్కడో పెట్టినాను, కనపడ్డం లేదు" అన్నాను. అమ్మ మళ్ళీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి.

పోయిన ఏడాది మా వదిన ఫోను చేసింది. మా అన్న కూతురు పాత ఫోటోల్లో కొలువు ఫోటో చూసి, "జేజీ, ఈ చిన్న బిందెలు ఏవీ?" అని అడిగిందట. "పోయినాయిలే పాపా" అని అమ్మ ఫోటో పక్కన పెట్టిందట. నాయన పోయాక అమ్మ కొలువు పెట్టడమే మానేసింది. ఈసారి మనవరాలి కోసం మళ్ళీ పెడతానందట. వదిన మామూలుగానే చెప్పింది గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వదినకు ఫోను చేసి ఆ ఫోటో పంపమన్నాను.

ముందు కొత్త ఇత్తడివే కొందామనుకున్నాను. ప్రొద్దుటూరులో వెతికితే దొరికాయి కూడా. అయితే అన్నీ ఒకే అచ్చులో పోసినవి. మా బిందె మెడ, మా గుండిగ పొట్ట వాటికి లేవు. తళతళా మెరుస్తున్నాయి. పదిహేడు కొనాలంటే ధరా తక్కువ కాదు. చివరికి తిరునాళ్ళలో పిల్లలకమ్మే ప్లాస్టిక్కు వంట సామాను రెండు పెట్టెలు కొన్నాను. వాటిలో తొమ్మిది ఫోటోకు దగ్గరగా ఉన్నాయి. తక్కిన ఎనిమిదీ ఒండ్రుమట్టితో నేనే చేసి, ఎండబెట్టి, కుమ్మరి వాళ్ళ ఆవంలో కాల్పించుకున్నాను.

ఇక రంగు. బంగారు రంగు డబ్బా తెచ్చి పూసేశాను. ఎట్లున్నాయంటే పెళ్ళిపందిట్లో స్తంభాల్లాగా ఉన్నాయి! పాతగా కనపడాలని పైన నల్లరంగు పూశాను. అప్పుడు మాడిన గిన్నెల్లాగా అయ్యాయి. మా అబ్బాయి చూసి, "అమ్మా, యుద్ధ ట్యాంకుల బొమ్మలు, ఓడల బొమ్మలు అతికించి రంగులేసేవాళ్ళు ప్లాస్టిక్కును అచ్చం ఇనుములాగా చూపిస్తారు. వాళ్ళు ముందు అసలు వస్తువును బాగా చూస్తారు" అన్నాడు. నిజమే కదా! ఇత్తడి తోమీ తోమీ చేతులు అరిగాయి గానీ దాన్ని నేను ఎప్పుడు నిలబడి చూశాను?

ప్రొద్దుటూరులో పెద్దాయన చెప్పింది

మా ఊళ్ళో పాత సామాన్లు కొనే అంగడి ఒకటుంది. బంగారం అంగళ్ళ వెలుగు చూసి వచ్చినవాళ్ళకు ఆ అంగడి చీకటి గుహలాగా ఉంటుంది. అక్కడ ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. నా సంచిలో బొమ్మలు చూపించి సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. లోపల్నుంచి పాత నీళ్ళబిందె ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఏమ్మా, ఇది యాడ నల్లగుంది, యాడ తెల్లగుంది చూడు" అన్నాడు.

చూశాను. మెడ కింద నల్లగా ఉంది. అంచు తెల్లగా మెరుస్తోంది. నడుం మీద పెట్టుకునే పొట్టభాగం ఒకవైపు నున్నగా అరిగి ఉంది. అతుకు చుట్టూ సన్నగా పచ్చటి గీత ఉంది.

"చెయ్యి తగిలిన చోట తెలుపు. చెయ్యి పోని చోట నలుపు. నీళ్ళు నిలిచిన చోట చిలుము. ఇంతేనమ్మా" అన్నాడు.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిపి కరిగించినది. గాలి, చెమ్మ తగిలితే ముందు గోధుమరంగులోకి తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది. చెమ్మ ఎక్కువసేపు నిలిస్తే రాగి పచ్చగా చిలుము కడుతుంది. చింతపండులో ఉండే పులుపు ఆ పొరను కరిగిస్తుంది. అందుకే తోమితే తెల్లబడుతుంది. అదే పులుపు చారులోనో పులుసులోనో ఉంటే గిన్నెలోని రాగినీ లాగుతుంది. అది కడుపులోకి పోకూడదు. మన పెద్దవాళ్ళు లోపల కళాయి పూయించింది అందుకే. కళాయి అంటే తగరం పూత. కళాయివాడు గిన్నెను కాల్చి, నవాసాగరం చల్లి, తగరం పెట్టి దూదితో తిప్పుతుంటే లోపల వెండిలాగా తెల్లబడేది. మీలో చాలామంది చిన్నప్పుడు ఆ పొగ వాసన చూసే ఉంటారు.

ఆ నవాసాగరం గురించే పెద్దాయన ఇంకో సంగతి చెప్పాడు. బీదరులో బిద్రీ సామాను చేస్తారు కదా. తుత్తునాగంలో కాస్త రాగి కలిపి పోసి, చెక్కి, వెండి తీగ పొదిగి, చివర్లో బీదరు కోటలోని మట్టీ నవాసాగరమూ కలిపిన నీళ్ళలో ముంచుతారట. లోహం కాటుకలాగా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. అంటే లోహాన్ని కావాలని నల్లబరచడం ఎప్పట్నుంచో ఉన్న విద్యే అన్నమాట! అది విన్నాక నా ప్లాస్టిక్కు పని గురించి నాకే కాస్త ధైర్యం వచ్చింది.

లేచి వచ్చేటప్పుడు పెద్దాయన ఒక మాట అన్నాడు. "చేస్కోమ్మా, తప్పులేదు. అయితే అడుగున రాసిపెట్టు. రేపు ఎవురన్నా పాతది అనుకుని మోసపోతారు." ఆ మాట నేను మర్చిపోలేదు.

జమ్మలమడుగు మీదుగా గండికోటకు

దసరాకు నాలుగు రోజుల ముందు, కింది పూతలు వేసి ఆరిన సామానును పాత పేపర్లలో చుట్టి సంచిలో సర్దుకున్నాను. మావారికీ అబ్బాయికీ పొడులూ పచ్చళ్ళూ చేసిపెట్టి బయల్దేరాను. పులివెందులకు నేరుగా పోవాలంటే ఎర్రగుంట్ల, ముద్దనూరు మీద పోవచ్చు. మా ఆడపడుచు జమ్మలమడుగులో ఉంటుంది. చూసి చాలా రోజులైందని అటు తిరిగి పోదామనుకున్నాను. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య రైలు మార్గం వచ్చాక ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెంటికీ రైలు ఉంది గానీ నాకు బస్సే అలవాటు.

జమ్మలమడుగులో దిగేసరికి మా ఆడపడుచు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వేడివేడిగా చేసిపెట్టింది. తిన్నాక నా సంచి విప్పి చూసి, "వదినా, ఇంత పని పెట్టుకున్నావు, పాత ఇనుము, పాత రాయి చూడాలంటే గండికోట కంటే ఏముంది?" అంది. ఇద్దరం ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. పదిహేను కిలోమీటర్ల దూరం.

గండికోటను మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ఎర్రమల కొండల్ని పెన్నానది నిలువునా కోసుకుంటూ పోయింది. ఆ గండి వల్లే ఆ పేరు. అంచున నిలబడితే కింద నీళ్ళు పల్చటి చారగీతలాగా కనపడతాయి. కాళ్ళు వణుకుతాయి, పిల్లల్ని తీసుకుపోయేవాళ్ళు చెయ్యి వదలకండి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ ఉన్నాయి.

నేను మాత్రం కోట వాకిట్లోనే ఆగిపోయాను. పెద్ద చెక్క తలుపులు, వాటి మీద ఇనుప రేకులు, ఏనుగులు గుద్దకుండా ఇనుప మేకులు. ఇనుము నల్లబడుతుందని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. కాదు! దగ్గరగా చూస్తే నలుపులో ఊదా ఉంది, గోధుమరంగు ఉంది, వాన నీళ్ళు కారిన చోట ఇటుకరంగు చారలున్నాయి. మేకుల చుట్టూ తుప్పు ఉంగరంలాగా ఉంది. ఒక్క డబ్బా నల్లరంగుతో వచ్చే పని కాదని అక్కడే తెలిసింది.

మాధవరాయస్వామి గుడిలో కూడా అంతే. స్తంభాల మీద శిల్పాలు చేతికందే ఎత్తులో నున్నగా, నూనె రాసినట్టు నల్లగా ఉన్నాయి. చెయ్యి అందని ఎత్తులో గరుకుగా, బూడిదరంగుగా ఉన్నాయి. రాయి మీద మాత్రం చెయ్యి తగిలిన చోటే నలుపు. ఇత్తడికి తిరకాసు! "అందరూ తాకిన చోటు ఎక్కడో చూడాలన్నమాట" అని మా ఆడపడుచుతో అన్నాను.

గండికోటకూ లోహానికీ ఇంకో కథ కూడా ఉంది. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఇక్కడికి వచ్చాడు. అంతకు కొంత ముందే గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. మీర్ జుమ్లాకు ఫిరంగులు కావాలి. గుళ్ళలోని రాగి విగ్రహాలు తెప్పించి, వాటిని కరిగించి ఫిరంగులు పోసే పనిని మాయే అనే ఫ్రెంచివాడికి అప్పగించాడట. గండికోట పెద్దగుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదని, చివరికి ఫిరంగుల పని కూడా కుదరలేదని టావెర్నియర్ తన యాత్రల పుస్తకంలో రాశాడు.

ఈ కథ చెబితే మా ఆడపడుచు దణ్ణం పెట్టుకుంది. నాకు మాత్రం మా పదిహేడు సామాన్లు గుర్తొచ్చాయి. అవి కరక్కుండా ఉంటాయా? ఏ కొళాయి పిడిగానో, ఏ తలుపు గొళ్ళెంగానో మారి ఎవరింట్లో ఉన్నాయో! గండి అంచున గాలికి చీరకొంగు నిలవడం లేదు. నేను కళ్ళు తుడుచుకుంటే దుమ్ము పడిందనుకుని మా ఆడపడుచు నీళ్ళసీసా ఇచ్చింది.

పాత ఇత్తడి రంగు వేసే విధానం

ఆ రాత్రి మా ఆడపడుచు ఇంట్లో పేపర్లు పరిచి కూర్చుని పని పూర్తిచేశాం. మొదట్నుంచీ ఎట్లా చేయాలో వరసగా చెబుతాను.

కావలసినవి: ప్లాస్టిక్కు, మట్టి లేక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు, సన్న ఎమరీ పేపరు, ఫెవికాల్, ప్రైమరు చిన్న డబ్బా, యాక్రిలిక్ రంగుల్లో నలుపు, ముదురు కాఫీపొడి రంగు, బంగారు రంగు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, గట్టి కుంచె ఒకటి, మెత్తటి కుంచె ఒకటి, స్పాంజి ముక్క, పాత నూలుగుడ్డలు, మెరుపులేని వార్నిష్.

ముందు ప్లాస్టిక్కు బొమ్మల్ని సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వాలి. వాటి మీద కనపడని జిడ్డు ఉంటుంది. తర్వాత ఎమరీ పేపరుతో మెల్లగా రుద్దాలి. నున్నటి ప్లాస్టిక్కు మీద రంగు నిలవదు, గోరు తగిలితే పొరలాగా లేస్తుంది. రుద్దాక ప్రైమరు ఒక పూత వేయాలి. మట్టి బొమ్మలు, ప్లాస్టర్ బొమ్మలు అయితే రంగును పీల్చేస్తాయి. ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్ళు కలిపి పూసి రాత్రంతా ఆరబెట్టండి.

రెండోది కింది పూత. ఇక్కడే నేను తప్పు చేశాను. బంగారు రంగు ముందు వేయకూడదు, చీకటి ముందు వేయాలి. కాఫీపొడి రంగులో చిటికెడు నలుపు కలిపి బొమ్మంతా, సందులతో సహా పూయండి. పూర్తిగా ఆరాలి.

మూడోది ఎండు కుంచె పని. గట్టి కుంచె కొసను బంగారు రంగులో ముంచి, దాన్ని గుడ్డ మీద తుడిచేయండి. ఇంక రంగే లేదు అనిపించేదాకా తుడవండి. ఆ కుంచెతో బొమ్మ మీద పైపైన, దోసె పెనాన్ని నూనె గుడ్డతో తుడిచినట్టు రుద్దండి. ఎత్తుగా ఉన్నచోట బంగారు రంగు అంటుతుంది, పల్లంలో కింది చీకటి అట్లే ఉంటుంది. అప్పటిదాకా ప్లాస్టిక్కుగా ఉన్నది చూస్తుండగానే ఇత్తడవుతుంది! ఆశపడి ఎక్కువ రుద్దొద్దు. తక్కువైతే మళ్ళీ వేయొచ్చు, ఎక్కువైతే మొదటికొస్తుంది. బంగారు రంగు మరీ మిడిసిపడుతుంటే అందులో కాఫీపొడి రంగు ఒక్క చుక్క కలపండి.

నాలుగోది మురికి పూత. కాఫీపొడి రంగును పల్చటి మజ్జిగలాగా నీళ్ళు కలిపి మెత్తటి కుంచెతో పూయండి. అది తనంతట తానే సందుల్లోకి జారుతుంది. ఆరకముందే ఎత్తు భాగాలను నూలుగుడ్డతో తుడిచేయండి.

ఐదోది చిలుము. ఆకుపచ్చలో కాస్త నీలం, కాస్త ఎక్కువ తెలుపు కలిపి, బాగా నీళ్ళు పోసి, స్పాంజి కొసతో అతుకుల్లో, అంచు కింద, చెవుల మూలల్లో మాత్రం అద్దండి. నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో అక్కడే చిలుము ఉండాలి. బొమ్మంతా పూస్తే పాచి పట్టినట్టుంటుంది.

ఆరోది చేతి అరుగుదల. అంచు, పిడి, పొట్ట వీటి మీద మాత్రం బంగారు రంగు ఇంకొక్కసారి కాస్త తేటగా వేయండి. బాగా ఆరాక మెరుపులేని వార్నిష్ ఒక పూత. మెరిసే వార్నిష్ వేస్తే పడిన పాటంతా పోతుంది, ఆమడ దూరం నుంచే ప్లాస్టిక్కని తెలిసిపోతుంది.

రాగి కావాలంటే కింది పూతలో కాస్త ఎరుపు కలిపి పైన రాగి రంగు వేయండి, చిలుములో నీలం పెంచండి. ఇనుము కావాలంటే నల్లరంగు ఆరాక పెన్సిలు ముల్లును పొడిచేసి, ఆ పొడిని గుడ్డతో రుద్దండి. అచ్చం ఇనుప మెరుపు వస్తుంది. అడుగున ఇటుకరంగును స్పాంజితో చుక్కలుగా అద్దితే అదే తుప్పు. మా పొయ్యిని నేను గండికోట తలుపును తలుచుకుంటూ అట్లే చేశాను. వెండికి మాత్రం పచ్చ వేయకండి. వెండి నల్లబడుతుంది గానీ చిలుము కట్టదు.

రెండు జాగ్రత్తలు. ఈ రంగులేసిన సామాను నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వొద్దు, వీటిలో తినేవి పెట్టొద్దు, నీళ్ళతో కడగొద్దు. ఇంకోటి, అసలైన పాత ఇత్తడి విగ్రహాల మీద, దీపాల మీద ఈ ప్రయోగాలు వద్దే వద్దు. వాటి పాతదనం అవే తెచ్చుకుంటాయి.

పులివెందులలో అమ్మ పరీక్ష

మర్నాడు ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాను. దారికి రెండువైపులా అరటి తోటలు, చీనీ తోటలు. ఒకప్పుడు ఈ చోట పులుల మంద ఉండేదని, అందుకే పులిమందల పులివెందుల అయిందని మా జేజి చెప్పేది. ఊళ్ళోకి వస్తుంటే నాకు పులి కంటే అమ్మ ఎక్కువ భయం!

అమ్మ అరుగు మీదే ఉంది. "ఏమ్మే, ఎప్పుడు బయల్దేరితివి? బువ్వ తింటివా లేదా?" అంది. కాళ్ళు కడుక్కుని వచ్చి, పేపరు పొట్లాలన్నీ అమ్మ ముందు విప్పాను. అమ్మ ఏమీ అనకుండా ఒక్కొక్కటే చూసింది. బిందెను అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసినట్టు తూచింది.

"ఏమ్మే, గాలికి ఎగిరిపోతాదే ఇది!" అని నవ్వింది.

నా ప్రాణం ఉసూరుమంది. ఇన్ని రోజులు పడిన పాటుకు ఇదా అనుకున్నాను. ఇంతలో అమ్మ కళ్ళద్దాలు తెమ్మంది. పెట్టుకుని మళ్ళీ బిందె తీసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"రంగు బాగా కుదిరింది. రెండు తప్పులుండాయి" అంది. "అడుగున చిలుము పెడితివి. అడుగు నేల మీద రాసుకుంటాది కదా, ఆడ చిలుము యాడ నిలుస్తాది? అడుగు తెల్లగుండాల. ఇంకోటి, అంచు చుట్టూ ఒకే మాదిరి తెలుపు పెడితివి. మా అమ్మ తోమేటప్పుడు బొటనవేలు ఈడ ఆనించి తిప్పేది. ఈ పక్క మాత్రమే అరిగి ఉండేది."

అమ్మ తన బొటనవేలు ఆ చోట ఆనించి చూపించింది. నేను ఫోటోను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అది ఫోటోలో కనపడేది కాదు. రంగులు సంచిలోనే ఉన్నాయి. అమ్మ పక్కనే కూర్చుని, ఆమె చెప్పినట్టు అడుగు తుడిచి, అంచు మీద ఒక్క చోట తెలుపు పెంచాను. అట్లా పదిహేడింటికీ అమ్మ ఒక్కో గుర్తు చెప్పింది. తపేలాకు ఒకవైపు సొట్ట ఉండేదట. గరిటె పిడి కాస్త వంగి ఉండేదట. చెబుతూ చెబుతూ వాళ్ళమ్మ సంగతులు చెప్పింది. ఆ సంగతులు నేను ఎన్నడూ వినలేదు. ఎందుకంటే ఎన్నడూ అడగలేదు.

మా అన్న కూతురు పక్కన కూర్చుని అంతా చూస్తోంది. ఉన్నట్టుండి, "అత్తా, మరి అసలువి ఏమయినాయి?" అంది.

అమ్మ నోరు తెరిచేలోపల నేనే చెప్పాను. "నేనే పాతసామాన్ల వానికి వేసినాను. తోమలేక. స్టీలు బేసిన్ కోసం."

పాప నా వైపు చూసి, జేజి వైపు చూసింది. అమ్మ బిందెను కింద పెట్టింది.

"నాకు ఆ పొద్దే తెలుసు" అంది. "కరువులో అంత పెద్ద బేసిన్ తెచ్చిస్తివి. నీకు దుడ్లు యాడివి అని నాకు తెలీదా?"

"మరి ఎందుకడగలేదమ్మా?"

"అడిగితే అవి వస్తాయా? నువ్వు ఇంకో అబద్ధం చెప్తావు, అంతే గదా" అని లేచి లోపలికి పోయింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. పాప నా చేతిలోంచి కుంచె తీసుకుని, "తిరగలికి నేనేస్తా అత్తా" అంది.

దసరాకు కొలువు పెట్టాం. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ మెట్లు కట్టాం. కింది మెట్టు మీద బువ్వలాట సామాను. ప్రతిదాని అడుగునా పాప చిన్న అక్షరాలతో "రంగు వేసినది" అని, సంవత్సరం రాసింది. ప్రొద్దుటూరు పెద్దాయన మాట అట్లా నిలబెట్టుకున్నాం. అయినా రాసింది చదివే పని ఎవరికీ పడలేదు. పేరంటానికి వచ్చిన ప్రతి ఒక్కరితోనూ అమ్మే, "ఇవి ఇత్తడివి కావు, మా పాప రంగేసింది. చేత్తో ఎత్తి చూడండి, గాలికి ఎగిరిపోతాయి" అని చెప్పి మరీ నవ్వించింది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో నల్లబడిన చిన్న ఇత్తడి వస్తువు ఏదైనా ఉంటే, దాన్ని తక్కెడలో పెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కసారి అడగండి, అది ఎవరిది, ఎవరు ఎక్కడ పట్టుకునేవారు అని. నల్లబడింది కదా అనుకోవద్దు. చింతపండు ఎప్పుడైనా దొరుకుతుంది.

అన్నట్టు, ఆ రోజు పేరంటాళ్ళందరికీ శనగ గుగ్గిళ్ళు పంచాం. కలిపింది ఆ స్టీలు బేసిన్‌లోనే. ఇరవై ఏళ్ళు దాటినా దానికి ఒక్క మచ్చ రాలేదు.